ఆరో పేరా

లా కాలేజీలో సీటు వచ్చిందని ఉత్తరం అందిన రోజు మా ఇంట్లో ఎవరూ పెద్దగా సంబరపడలేదు. మా అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా టీ గ్లాసు పక్కన పెట్టింది. మా ఆవిడ అప్పుడే ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి తగలడం లేదు. వేసవి అప్పుడే మొదలైంది.

"నాన్నా, నువ్వు ఇన్నేళ్లుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నావు కదా. నిజం చెప్పు. లా చదవడం పనికొచ్చే పనేనా?" అని అడిగింది.

నేను ప్లీడరు గుమాస్తాని. కాగితాలు టైపు చేసేది, కట్టలు మోసేది, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించేది నేనే. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లకోటుకి రెండడుగుల వెనక నడుస్తున్నాను. ఆ రెండడుగుల దూరం నుంచి చూసినవాడికి తెలిసినంతగా ఆ వృత్తి సంగతి కోటు తొడుక్కున్నవాడికి కూడా తెలియదని నా గట్టి నమ్మకం. పనికిరాదనే చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ నేను వద్దన్న ప్రతిదాన్నీ ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ పట్టుబట్టి మరీ చేసింది. అందుకని తెలివిగా, "నేను చెప్పడం ఎందుకు? ఈ వేసవంతా నాతో ఆఫీసుకి రా. కళ్లారా చూడు. చేరడానికి గడువు కోర్టు సెలవులు అయ్యేదాకా ఉంది కదా" అన్నాను.

లోపల నా ఎత్తు వేరు. పదిరోజులు కోర్టు మెట్ల మీద నిలబడితే చాలు, తనంతట తానే వెనక్కి తిరుగుతుందనుకున్నాను. మా ఆవిడ కళ్లు మూసుకునే ఉండి, "లాయరమ్మా, ముందు ఆ గ్లాసులు కడిగిపెట్టు" అంది.

మా సారు ఆఫీసు ఒక పాత మేడ మీద రెండు గదులు. ముందు గదిలో నా టైపు బల్ల, మూడు బీరువాలు, క్లయింట్లకి ఒక చెక్క బెంచీ. వెనక గదిలో సారు. బీరువాల్లో పట్టని ఫైళ్లు బల్ల కిందికీ, అక్కడా పట్టనివి కిటికీ గూట్లోకీ చేరాయి. మొదటిరోజు మా అమ్మాయి వాటికి పట్టిన దుమ్ముకి సాయంత్రం దాకా తుమ్మింది. నాకు లోలోపల సంతోషమే వేసింది, దాచుకోవడం ఎందుకు.

రెండోరోజు నుంచి కోర్టుకి తీసుకెళ్లాను. కోర్టు పనంటే ముప్పాతిక మువ్వీసం నిలబడటమే. పిలుపు కోసం వరండాలో నిలబడాలి. పిలిచాక లోపల నిలబడాలి. జడ్జి గారు తల ఎత్తకుండా ఒక తేదీ చెబుతారు. అది రాసుకుని బయటికొచ్చి, ఇంకో హాలు ముందు నిలబడాలి. మా అమ్మాయి మూడోరోజు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

మా ఆఫీసులో ఒక జూనియర్ మేడం ఉండేది. చదువులో మొదటి వరసలో ఉన్న మనిషే. చేరి ఏడేళ్లయింది. సారు వేరే హాల్లో ఉంటే ఆవిడ లేచి నిలబడి గడువు అడుగుతుంది. ఏడేళ్లలో ఆవిడ పని ఎక్కువగా అదే. మా అమ్మాయి ఆవిణ్ణి అక్కా అని పిలిచేది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుంటే, పై మెట్టు మీద కట్టలు సర్దుకుంటున్న నాకు మాటలు వినపడ్డాయి.

"అక్కా, మళ్లీ మొదటికొస్తే ఇదే చదువుతావా?" అని మా అమ్మాయి అడిగింది.

ఆవిడ చాలాసేపు నమిలింది. "పొద్దున అడిగితే చదవనంటాను. సాయంత్రం అడిగితే అడగొద్దంటాను. ఏడేళ్లలో సొంతంగా నేను వాదించినవి మూడు. అందులో ఒకటి గెలిచాను. ఆ ఒక్కటీ గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో ఏడాది ఉందామనిపిస్తుంది. అదే ఈ పని చేసే మోసం" అంది.

నేను అడిగి చెప్పించుకున్నా అంత బాగా చెప్పేది కాదు. ఆ సాయంత్రం మా అమ్మాయి నాకు నాలుగడుగులు వెనకబడి నడిచింది. నా ఎత్తు పారిందనుకున్నాను. పారిందనుకున్నాక ఎందుకో ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ కాగితమూ మేం కొత్తగా రాయం. గది కేసు వస్తే పాత గది కేసు ఫైలు తీస్తాం, భూమి కేసు వస్తే పాత భూమి కేసు. పేర్లు, తేదీలు, నాలుగు సంగతులు మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు టైపు కొట్టేస్తాం. ఏ కట్టలో ఏ ఫైలుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. అది నా గొప్ప. అంతా కోర్టు భాషలో ఉంటుంది. క్లయింట్లలో నూటికి తొంభైమందికి అది రాదు. అందుకే ప్రతి కాగితం చివర ఒక వాక్యం ఉంటుంది. పై విషయాలన్నీ నాకు తెలిసిన భాషలో చదివి వినిపించగా విని, సరైనవేనని ఒప్పుకుని సంతకం చేశానని క్లయింటు, చదివి వినిపించింది ఫలానావాడని కింద నా పేరు. ఆ వాక్యం నేను కొన్ని వేలసార్లు టైపు చేసి ఉంటాను. చదివి వినిపించింది మాత్రం ఎప్పుడూ లేదు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి కాగితం ముందుకి తోసేవాణ్ని. వాళ్లు గుర్తు మీద సంతకం పెట్టేవాళ్లు. తర్వాత రబ్బరుతో గుర్తు చెరిపేసేవాణ్ని.

సెలవులకి నాలుగు రోజుల ముందు కుట్టుమిషను ఆవిడ వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఒకే గదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టుకునే మనిషి. గది యజమాని ఖాళీ చేయమని కేసు వేశాడు. ఆవిడ తరఫున జవాబు దాఖలు చేయాలి. ఆరోజు నా చేతిలో పన్నెండు కాగితాలున్నాయి, అన్నీ సాయంత్రంలోగా కోర్టులో పడాలి. చెమటకి వేళ్లు అక్షరాల మీద జారుతున్నాయి. ఒక పాత గది కేసు తీసి, పేర్లు మార్చి కొట్టి ఇచ్చేశాను.

ఆవిడ మెడలో టేపు అలాగే ఉంది. బడులు తెరిచేలోగా ఇవ్వాల్సిన పిల్లల బట్టలు గుట్టగా పడి ఉన్నాయని గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా అన్నా, తొందరగా పంపించు" అంది. గుర్తు పెట్టి ఇచ్చాను. సంతకం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది.

మా అమ్మాయి కాగితం తీసుకుని చివరి వాక్యం చూసింది. "నాన్నా, ఇందులో చదివి వినిపించానని నీ పేరుంది."

"ఉంటుంది."

"చదవలేదు కదా."

"వినే ఓపిక ఎవరికుంది తల్లీ. చూశావుగా, కాలు నిలవడం లేదు ఆవిడకి" అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. నేను గుర్తు చెరిపేశాను.

సెలవుల ముందు ఆఖరిరోజు కోర్టు సంత. సారు వేరే హాల్లో చిక్కుకున్నారు. మా జూనియర్ మేడం లేచి నిలబడింది. జడ్జి గారు మా జవాబు తిరగేసి, ఆరో పేరాలో చెప్పింది మీ తరఫు మాటేనా అని అడిగారు. ఆవిడ రోజూ అన్నట్టే అవునండీ అంది. ఆయన రెండు వాక్యాలు రాసి పక్కన పెట్టారు. అంతా అర నిమిషం. నేను డైరీలో కేసు అయిపోయిందని రాసుకుని, ఇంత తొందరగా తేలిపోయిందేమిటని ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోయి ఊరుకున్నాను, కట్ట విప్పి చూడలేదు.

సెలవులు మొదలైన మూడోరోజు కుట్టుమిషను ఆవిడ ఆఫీసుకి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. బెంచీ మీద కూర్చుని మంచినీళ్లడిగింది. పొద్దున యజమాని షాపుకొచ్చాడట. మాట మీద నిలబడే మనిషివని మెచ్చుకున్నాడట. తర్వాత గది కొలుచుకుంటానని టేపు అడిగాడట.

"నా టేపే అన్నా. నా మెడలోది తీసి ఇచ్చాను. ఏ మూల ఎంతుందో కొలుచుకుని రాసుకుంటున్నాడు. ఎందుకండీ అంటే మూడు నెలల్లో నువ్వు పోతున్నావుగా అన్నాడు. నేనెక్కడికి పోతున్నాను?"

నేను లేచేలోపే మా అమ్మాయి బీరువా తీసి ఆ ఫైలు బయటికి లాగింది. ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, మొదటి పేరా నుంచి ఒక్కొక్క వాక్యం చదివి మన భాషలో చెప్పసాగింది. ఆవిడ ఒక్కోదానికీ ఊఁ కొడుతోంది. గది ఎక్కడుందో మా అమ్మాయి చదివి చెప్పింది, ఎన్నేళ్ల నుంచి ఉందో చెప్పింది, అద్దె ఎప్పుడూ తప్పలేదని చెప్పింది. ఆరో పేరా దగ్గర ఆగింది. నావైపు చూసింది. తర్వాత తల దించి, అది కూడా చదివింది.

"నేను వేరేచోట గది చూసుకున్నాను. మూడు నెలల గడువిస్తే నా అంతట నేనే ఖాళీ చేస్తాను."

ఆవిడ ఊఁ కొట్టలేదు. "ఈ మాట నేనెప్పుడన్నానమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.

ఆ మాట అన్నది ఆవిడ కాదు. అయిదేళ్ల కిందట పుస్తకాలు బైండింగు చేసే ఒకాయన అన్నాడు. ఆయనకి నిజంగానే వేరే గది దొరికింది. ఆయన ఫైలే నేను తీసి కొట్టింది. అన్ని పేరాల్లోనూ పేర్లు మార్చాను. ఆరో పేరాలో మార్చాల్సిన పేరేమీ లేదు గనక నా కళ్లు దాని మీద నుంచి జారిపోయాయి.

సారు విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. అరవై దాటిన మనిషి, గుండెకి ఒకసారి ఆపరేషన్ అయింది, నా మీద ఇన్నేళ్లలో గట్టిగా కేకలేసింది రెండుసార్లే. కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "కోర్టు తెరవగానే ఒక పిటిషన్ వేద్దాం. ఆవిడ ముందు ఒప్పుకుంది, తర్వాత మనసు మార్చుకుంది అని రాయి. జడ్జి గారు నాలుగు చివాట్లు పెడితే ఆవిడకే పెడతారు. మనదాకా రాదు" అన్నారు.

"అలాగే సార్" అన్నాను. ఆ మాట నాకు ఊపిరి తీసుకున్నంత సులువుగా వస్తుంది. వెనక్కి తిరిగేసరికి మా అమ్మాయి గుమ్మం దగ్గర ఫైలు పట్టుకుని నిలబడి ఉంది.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్టాపు దగ్గర మా అమ్మాయి ఒక్కటే అడిగింది. "ఆవిడ మాట మార్చిందని రాసే కాగితం కూడా ఆవిడకి చదివి వినిపించరు కదా నాన్నా?"

నాకు సిగ్గేసింది. బస్సు వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. తప్పు ఎక్కడ జరిగిందో, సారు ఏమన్నారో, నేను ఏమన్నానో. ఆవిడ బూట్లు విప్పుతూ విన్నది.

"మేం మాత్ర చేతిలో పెట్టేముందు పేరడుగుతాం. నెలరోజులుగా అదే మంచం మీద ఉన్నవాణ్ని కూడా అడుగుతాం. వాళ్లు విసుక్కుంటారు, నా పేరు తెలీదా అని. అయినా అడుగుతాం." రెండో బూటు విప్పి పక్కన పెట్టింది. "నేనొకసారి అడగలేదు."

పెళ్లయి ఇరవై నాలుగేళ్లయింది, ఆ సంగతి నాకు తెలియదు. ఏమైందని అడిగాను.

"ఏమీ కాలేదు. ఆ మనిషి అదృష్టం, నా అదృష్టం. వెళ్లి పెద్ద నర్సుకి చెప్పేశాను. ఆరు నెలలు నాకు మందుల బండి ఇవ్వలేదు. గిన్నెలు కడిగించారు." లేచి లోపలికి వెళ్తూ, "నిద్రొస్తోంది, తలుపు దగ్గరగా వేసి వెళ్లు" అంది.

ఆఫీసుకి వెళ్లి, తప్పు నాదని నేనే ప్రమాణపత్రం ఇస్తానని సారుకి చెప్పాను. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టారు.

"ఒక్క కాగితం చదవలేదని రాస్తే ఎలా ఊరుకుంటారయ్యా? మిగతావన్నీ చదివావా అని అడుగుతారు. ఏం చెబుతావు?"

"చదవలేదనే చెబుతాను సార్."

"నా ఆఫీసు కాగితాలవి" అన్నారు. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి, "నీ ఇష్టం" అని వేరే ఫైలు విప్పుకున్నారు.

ఆ ప్రమాణపత్రానికి పాత నమూనా ఏ బీరువాలోనూ లేదు. ఏ గుమాస్తా అలాంటిది ఇచ్చి ఉండడు. జూనియర్ మేడం చేత్తో రాసింది, మా అమ్మాయి టైపు చేసింది. సంతకానికి ముందు మేడం దాన్ని ఎవరూ అడగకుండానే మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించింది. కోర్టులో ఆరోజు చూడకుండా అవునన్నానని తన పేరు మీద ఇంకో కాగితం కూడా రాసింది. అది రాయమని కూడా ఎవరూ అనలేదు.

ఆ సెలవులంత పొడుగు సెలవులు నేనెప్పుడూ గడపలేదు. మా అమ్మాయి ఆఫీసుకి వస్తూనే ఉంది. కాలేజీ మాట నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. ఎత్తు వేసి తెచ్చినవాణ్ని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దనాలి? చేరమనడానికి అంతకన్నా మొహం లేదు.

కోర్టు తెరిచిన రోజు మా కాగితం నాలుగోది. నన్ను ముందుకి పిలిచారు. ఇన్నేళ్లలో ఆ బల్ల ముందు నిలబడటం అదే మొదటిసారి. మోయడానికి కట్ట లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ జవాబు మీరు ఆవిడకి చదివి వినిపించారా?" అని జడ్జి గారు అడిగారు.

"లేదండీ."

"చదివానని మీ పేరుంది."

"ఉందండీ."

"ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి నుంచీ అండీ."

హాల్లో తోటి గుమాస్తాలు నలుగురైదుగురున్నారు. అందరూ ఒక్కసారే తమ డైరీల్లోకి తలలు దించుకున్నారు. జడ్జి గారు కూడా మా కాగితం మరోసారి తిరగేశారు. అక్కడ దాఖలయ్యే కాగితాలు ఎలా తయారవుతాయో ఆయనకి తెలియక కాదు. నన్ను గట్టిగానే మందలించారు. పాత ఉత్తర్వు కొట్టేశారు. కొత్త జవాబు వేసుకోమన్నారు. కేసు మళ్లీ మొదటి నుంచి జరగాలన్నారు. నెల తర్వాత వాయిదా.

బయటికొచ్చాక కుట్టుమిషను ఆవిడ, "అంటే గెలిచామా?" అని మా అమ్మాయిని అడిగింది. లేదనీ, ఓడిపోవడం ఆగిందనీ, ఇప్పుడు అసలు కేసు మొదలవుతుందనీ మా అమ్మాయి వివరంగా చెప్పింది. ఇదంతా రెండు మూడేళ్లు పట్టొచ్చని కూడా దాచకుండా చెప్పింది. ఆవిడ నిట్టూర్చి, మెడలో టేపు సర్దుకుని, బట్టలు పడి ఉన్నాయంటూ వెళ్లిపోయింది. నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ అనుకోలేదు.

ఆ సాయంత్రం సారు బీరువా తాళాలు అడిగారు. డైరీ ఇకనుంచి మేడం చూస్తుందని, నన్ను టైపు పని మాత్రం చూసుకోమని అన్నారు. తాళాల గుత్తి బల్ల మీద పెడితే ఆయన దానివైపు చూడలేదు. నేనూ ఆగకుండా బయటికొచ్చేశాను. జేబు తేలికైపోయి, దారంతా ఏదో మరిచిపోయినట్టే ఉంది.

కాలేజీ గడువు ఆ మర్నాటితో ఆఖరు. పొద్దున్నే మా అమ్మాయి నాలుగు పేజీల ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ నింపేసి ఉన్నాయి. తండ్రి సంతకం ఒక్కటే ఖాళీ.

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాను. "ఆ మేడం ఏడేళ్ల మాట విన్నావు. నిన్న నా సంగతీ చూశావు."

"చూశాను. పనికొస్తుందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు నాన్నా. కాళ్లు నొప్పెట్టేది మాత్రం ఖాయం." ఫారం నావైపు జరిపింది. "ఆవిడ పక్కన కూర్చుని ఆ కాగితం చదివిన రోజుందే, ఆరో పేరా దగ్గర లేచి పారిపోదామనిపించింది. అయినా చదివాను. ఆ పని నేను చేయగలనని అప్పుడు తెలిసింది. అంతే, ఇంకేం లేదు."

నా బిడ్డని చూసి భయమేసింది, గర్వంగానూ అనిపించింది. రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేను. పెన్ను తీసుకుని చివరి పేజీ తిప్పాను. అలవాటు కొద్దీ కళ్లు పెన్సిలు గుర్తు కోసం వెతికాయి. గుర్తు లేదు. మా అమ్మాయి ఫారం నా చేతిలోంచి తీసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. తన పేరు, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి ప్లీడరు గుమాస్తా, చదువు అయిదేళ్లు, మధ్యలో మానేస్తే వర్తించే నియమాలు, అన్నీ. లోపల నిద్రపోతున్న వాళ్లమ్మ లేవకుండా గొంతు తగ్గించి చదివింది. ఒక్కో పేరా తర్వాత ఆగి నావైపు చూసింది. నేను ఊఁ కొట్టాను.

అంతా అయ్యాక పెన్ను నా చేతికిచ్చి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. కళ్లు మసకబారి ఆ చోటు నాకు ఆనలేదు.

"ఇంకోసారి చదువు తల్లీ" అన్నాను.

విసుక్కోకుండా మళ్లీ మొదటి పేజీ తీసింది.